చెంపదెబ్బ పాఠం

నేను పనిచేసిన హిందూపురం కాలేజీలో నటన క్లాసు చెప్పడానికి ఈ మధ్య కొత్తగా ఒకమ్మాయి చేరింది. ఫోన్ చేసి, "మేడం, మొదటి రోజు ఏం చెప్పాలి?" అంది.

"ఏమీ చెప్పకు. ఎవర్నీ నమ్మకు," అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. నేను నవ్వలేదు. తెలుగు లెక్చరర్‌గా చేరి, నటన క్లాసు తీసుకోవడానికి ఇంకెవరూ ముందుకు రాకపోతే దాన్నీ నెత్తికెత్తుకుని, రిటైరయ్యేదాకా చెప్పినదాన్ని. ఆ పనిలో నాకు అక్కరకొచ్చిన గుణం ఒక్కటే, అనుమానం. మా ఆయన మాత్రం ఇది ఉద్యోగం వల్ల వచ్చిన జబ్బని అంటాడు. పాలవాడు "ఈరోజు పాలు చిక్కగా ఉన్నాయి" అంటే, ఆ మాట చెప్పేటప్పుడు వాడి చూపు ఎటుపోయిందో చూస్తానట. చూస్తాను మరి. ఆ కొత్తమ్మాయి కోసం, ఆమెలాంటి వాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

తలుపు నుంచి కుర్చీ దాకా

మొదటి రోజు నేనిచ్చే పని చిన్నది. తలుపు దగ్గర్నుంచి నడిచి వచ్చి, గది మధ్యలో వేసిన కుర్చీలో కూర్చోవాలి, అంతే. డైలాగు లేదు, కథ లేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి అందరూ చేసేదే. కానీ నలుగురు చూస్తున్నారని తెలిసేసరికి కాళ్ళు రెండూ ఎవరివో అయిపోతాయి. ఒకడు పెళ్ళికొడుకులా నడుస్తాడు, ఇంకొకడు పోలీసులా. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఎవరికీ తెలియదు. నడవమంటే నటిస్తారు. ఈ ముక్క వాళ్ళకు వాళ్ళే తెలుసుకోవడానికి వారం పడుతుంది, నేను మాత్రం తొందరపెట్టను.

మొదటి రోజే బాగా నడిచిన వాళ్ళ మీద నాకు అనుమానం ఎక్కువ. రంగప్ప అని గుడిబండ వైపు కుర్రాడొకడు ఉండేవాడు. ఇంట్లో కన్నడం, బయట తెలుగు. తల ఎగరేసుకుంటూ వచ్చి కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

"ఎవరికోసం అట్లా కూర్చున్నావు నాయనా?" అన్నాను.

"మేడం, నాకు రీల్స్‌లో మస్తు లైకులు వస్తాయి."

"ఫోను నువ్వే పట్టుకుంటావు, నీ మొహం నువ్వే చూసుకుంటావు. ఈడ పట్టుకునేవాడు లేడు. లేచి మళ్ళీ రా."

మంచివాడే, కోపం తెచ్చుకోలేదు. కోపం తెచ్చుకోని వాళ్ళ మీద కూడా నాకు కొంచెం అనుమానమే, కానీ రంగప్ప విషయంలో అది వృథా అయింది.

ఆ బ్యాచిలోనే ధర్మవరం నుంచి రైలెక్కి వచ్చే నాగమణి ఉండేది. వాళ్ళది పట్టుచీరలు నేసే ఇల్లు. ఆ పిల్ల నడిచింది చూడండి, అడుగు అడుగుకీ లెక్క ఉన్నట్టు, గడ్డం ఎత్తి, కుర్చీ ముందు ఆగి, చీర కుచ్చిళ్ళు సర్దుకున్నట్టు చేయి ఆడించి కూర్చుంది. వేసుకున్నది చుడీదారు! క్లాసంతా నోరు తెరిచి చూసింది.

"ఎవరు నేర్పించారమ్మా?"

"పెనుకొండ మేష్టరు, మేడం. పద్యనాటకం నేర్చుకుంటాండా. ఆదివారం ఆదివారం పోతా."

లింగప్ప మేష్టరు. ఆయన పేరు తెలియనివాళ్ళు మా వైపు లేరు. హార్మోనియం వాయిస్తూ, ఊళ్ళల్లో రైతులకూ టీచర్లకూ పద్యాలు నేర్పించి పౌరాణిక నాటకాలు ఆడించిన మనిషి. నాగమణి గొంతు కూడా అలాంటిదే. కిటికీలు మూసినా వరండా చివరికి వినిపిస్తుంది. కానీ నేను చూస్తున్నది గొంతును కాదు. కుర్చీలో కూర్చున్నాక ఆ పిల్ల నా కుడిచేతి వైపు ఒకసారి చూసింది, నా చేతిలో ఏమీ లేకపోయినా.

చప్పట్లు, కన్నీళ్ళు

ఇక్కడ కథ ఆపి రెండు మాటలు చెప్పాలి, ఇవి కొత్తవాళ్ళకు పనికొస్తాయి.

మా ప్రిన్సిపాల్ ఒకాయనకు నాటకం బాగుందా లేదా అనేది చప్పట్లను బట్టే తెలిసేది. ఒక ఏడు మేం వేసిన నాటకానికి చప్పట్లు తప్పుడు చోట్ల మోగాయి. చావు వార్త వచ్చినచోట ఈలలు కూడా వేశారు. ఆరా తీస్తే తేలిందేమిటంటే, అతిథుల ముందు పరువు నిలబడాలని ఆయనే వెనక వరసల్లో హాస్టల్ పిల్లల్ని కూర్చోబెట్టి, వాళ్ళ వార్డెన్ చెయ్యి ఎత్తినప్పుడల్లా కొట్టమన్నాడు. ఆ వార్డెన్‌కు నాటకం బోరు కొట్టి, చెయ్యెత్తి ఒళ్ళు విరుచుకున్నప్పుడల్లా చప్పట్లే! అప్పట్నుంచి చప్పట్లు వినబడితే, ముందు ఎవరు మొదలుపెట్టారో చూడడం నాకు అలవాటైంది.

కన్నీళ్ళ సంగతి కూడా అంతే. కొత్త పిల్లలు ఏడవగలిగితే నటన వచ్చేసినట్టే అనుకుంటారు. కళ్ళ కింద తలనొప్పి మందు రాసుకుని వచ్చిన మహానుభావులున్నారు. కంట్లో నీళ్ళు చూసి మోసపోకండి. మనిషి నిజంగా ఏడిస్తే ముందు ముక్కు ఎర్రబడుతుంది, గొంతు మారుతుంది, ఆ నీళ్ళు ఎవరికీ కనబడకూడదని తల పక్కకు తిప్పుకుంటాడు. నీళ్ళు మనకు చూపిస్తున్నాడంటే నటిస్తున్నాడన్నమాటే.

భుజం ముందు లేచింది

రంగస్థలం మీద చెంపదెబ్బ ఎలా కొట్టాలో నేర్పే పాఠం ఒకటుంది. పిల్లలకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం అదే. కొట్టేవాడు చెయ్యి విసురుతాడు కానీ ఆ చెయ్యి ముఖానికి తగలదు, ముందునుంచి పోతుంది. చప్పుడు చేసేది దెబ్బ తినేవాళ్ళే, ప్రేక్షకులకు కనబడకుండా రెండు చేతులూ కొట్టుకుని. చూసేవాళ్ళకు మాత్రం దవడ పగిలినట్టే ఉంటుంది.

దీనికి నా క్లాసులో ఒక నియమం ఉండేది, ఎవరూ మీరకూడదు. దెబ్బ తినేవాళ్ళు కొట్టేవాడి కళ్ళలోకి చూసి, తల కొంచెం ఊపాలి. ఆ తల ఊపేదాకా కొట్టేవాడి చెయ్యి లేవకూడదు. దెబ్బ మీద పెత్తనమంతా తినేవాళ్ళదే.

చిన్న సన్నివేశం ఇచ్చాను. రంగప్ప బట్టల దుకాణం యజమాని, నాగమణి అందులో పనిచేసే పిల్ల. తలుపు తీసి ఉందని యజమాని కోప్పడతాడు. ఈమె, "తలుపు నేను వేసే పోయినా, తాళం మీ చేతికే ఇచ్చినా," అనాలి. అప్పుడు దెబ్బ. నాగమణి "తలుపు నేను వేసే పోయినా" అంది, "తాళం" దగ్గర తడబడింది. తడబడగానే కళ్ళు గట్టిగా మూసుకుంది. ఎడమ భుజం చెవిదాకా లేచింది. ఒక్క క్షణం అలా ఉండి, కళ్ళు తెరిచి, "తలుపు నేను వేసే పోయినా" అని మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకుంది.

క్లాసు దద్దరిల్లిపోయేలా చప్పట్లు. నేను కొట్టలేదు.

"రంగప్పా, తల ఊపకముందే చెయ్యెత్తినావా?"

"ఆ దేవునాన మేడం, చెయ్యి జేబులోనే ఉండాది! ఆమే ముందుగాల కండ్లు మూసుకునింది."

నిజమే, వాడి చెయ్యి జేబులోనే ఉంది. మీరు పసిగట్టవలసింది ఇక్కడే. నటించేవాళ్ళకు ముందు ముఖం కదులుతుంది. నిజంగా తిన్నవాళ్ళకు భుజం లేస్తుంది. ఇంట్లో ఎవరో కొడుతున్నారేమో అని మొదట అనుకున్నాను. కానీ ఇంట్లో దెబ్బలు తినేవాళ్ళు మాట మింగేస్తారు, మళ్ళీ మొదట్నుంచి అప్పజెప్పరు. తప్పు, దెబ్బ, మళ్ళీ మొదట్నుంచి! ఈ వరస ఎక్కడిదో నాకు తెలుసు. హార్మోనియం కుడిపక్కన కూర్చున్నవాళ్ళ ఎడమ చెంప మేష్టరి చేతికి అందుతుంది.

క్లాసయ్యాక, మేష్టరు కొడతాడా అని అడిగాను. మొదట లేదంది. తర్వాత, "కొడితే ఏమైతాది మేడం, నా మంచికే గదా," అంది.

"నీకు పాడటం ఇష్టమేనా?"

"చానా ఇష్టం మేడం. కానీ నాది మొద్దు బుర్రంట. వచ్చే పోటీల్లో రాణి వేషం ఉండాది నాకు. అది ఒగటి వేసి నిలిపేస్తా. ఆ మాట ఇంట్లో ఇంగా చెప్పలే."

అలాంటి గొంతు మళ్ళీ నా క్లాసుకు రాలేదు. ఆ గొంతున్న పిల్ల తాను మొద్దునని నమ్ముతోంది.

పెనుకొండలో, ధర్మవరంలో

ఆదివారం పెనుకొండ బస్సెక్కాను. విత్తనాల దుకాణం పైన మేష్టరి గది. పెద్దాయన మర్యాదస్తుడు, లేచి నిలబడి, కాఫీ తెప్పించాడు. అంత మర్యాద చూసి నేను ఇంకా జాగ్రత్తపడ్డాను.

"ఏమ్మా, మా పిల్లకు కుర్చీలో కూచునేది నేర్పిస్తాండావంట గదా?"

"అది ఇంకా రాలేదు మేష్టరు. మీరు కొడుతుంటారంట."

ఆయన దాచలేదు. అదే నాకు మింగుడుపడలేదు. "కొట్టకుంటే తాళం యాడ నిలుస్తాదమ్మా? నన్ను మా గురువు కొట్టినాడు. ఆయప్పను వాళ్ళ గురువు కొట్టినాడు. చెంప మీద పడింది నాలిక మీద నిలుస్తాది. కావాలంటే విను." హార్మోనియం పక్కన కూర్చున్న నాగమణి వైపు తిరిగి, "ఎత్తుకోమ్మా," అన్నాడు.

ఆ పిల్ల ఎత్తుకుంది. ఏం చెప్పను! నా చేతిలో కాఫీ చల్లారిపోయింది. ఎవర్నీ తొందరగా నమ్మని నేను, ఆ పది నిమిషాలూ నన్ను నేనే నమ్మలేదు. ఈ ముసలాయన చెప్పేదే నిజమేమో, దెబ్బల వల్లే ఈ గొంతు ఇలా పలుకుతుందేమో అనిపించింది. అప్పుడు ఆమె కళ్ళను చూశాను. రాణి ఎదురుగా ఉన్న రాజుతో మాట్లాడాలి, నాగమణి చూపు హార్మోనియం మెట్ల మీది మేష్టరి కుడిచేతిని వదలడం లేదు. కష్టమైన మాట వచ్చే ముందు గొంతు కాస్త బిగుసుకుంటోంది. పద్యం పాడుతోంది కానీ ఎవరితోనూ ఏమీ చెప్పడం లేదు. దెబ్బ ఆమెకు తాళం నేర్పిందో లేదో నాకు తెలియదు, దెబ్బ వైపు చూస్తూ ఉండడం మాత్రం నేర్పింది. నటనలో మొదటి పాఠం ఎదుటివాడిని వినడం, దాన్ని మాత్రం చెరిపేసింది.

"ఇంకోసారి చెయ్యెత్తితే బాగుండదు మేష్టరు," అన్నాను.

"వాళ్ళ నాయన్ను అడుగు పో తల్లీ. ఆయప్ప వద్దంటే నిలిపేస్తా."

అడగడానికి ధర్మవరం పోయాను. నాగమణి నాయన ఓబులేసప్ప మగ్గం గుంటలో కూర్చుని, నేత ఆపకుండానే మాట్లాడాడు. నాగమణి గోడవారగా కండెలకు దారం చుడుతోంది.

"మేష్టరు దేవునట్లాటోడు మేడం. ఒగ పోగు తెగితే ఆడికాడే చూసుకోవల్ల. లేదంటే చీరంతా పోతాది. ఆయప్ప తెగిన కాడే పట్టుకుంటాడు."

"పోగు తెగితే పోగును కొడతావా ఓబులేసప్పా?"

ఆయన చేతులు ఆగాయి.

"చీరంతా విప్పేసి, మళ్ళీ మొదట్నుంచి నేస్తావా?"

"ఎవురన్నా విప్పుతారా మేడం! తెగిన కాడే అతికి ముందుకు పోతాం."

"మరి మీ పిల్లకు ఒక మాట తప్పితే పద్యమంతా ఎందుకు విప్పిస్తున్నారు?"

ఓబులేసప్ప నవ్వాడు, తల గోక్కున్నాడు. కానీ, "మేష్టరుకు ఎదురు చెప్పేకి నా నోరు రాదు మేడం, ఆయన చేత నేనూ తిన్నోణ్ణే," అన్నాడు. నేను గెలిచానో ఓడానో తెలియలేదు. గోడ దగ్గర కండె తిరగడం మాత్రం ఆగిపోయి ఉంది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. మీ క్లాసు గది తలుపు దాటితే మీ మాట ఎవరూ వినరు. నేరుగా పోయి చెప్పాలి, చెప్పాను, కానీ దానితో పని అయిపోయిందని మాత్రం నమ్మలేదు. గదిలోపల చేయగలిగింది ఏముందా అని వెతుక్కున్నాను.

"ఉండనీ"

మరుసటి వారం నుంచి చెంపదెబ్బ పాఠమే చెప్పాను. తక్కిన పిల్లలు విసుక్కున్నారు. రోజూ తినేది నాగమణి, కొట్టేది రంగప్ప. రంగప్ప చేతులు కిందికి వేలాడేసుకుని నిలబడాలి, ఆమె తల ఊపాలి.

మొదట్లో ఎదురుగా నిలబడీ నిలబడకముందే ఊపేసేది.

"ఏమమ్మా అంత తొందర?"

"ఆయప్ప కాచుకోని ఉండాడు గదా మేడం."

"ఉండనీ."

ఆ మాట ఆమెకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. తనకోసం ఒక చెయ్యి ఆగి ఉండవచ్చని, దాన్ని ఆపి ఉంచినందుకు భూమి బద్దలు కాదని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. మెల్లమెల్లగా ఊపడం ఆలస్యం అయింది. ముందు ఊపిరి పీల్చుకునేది, తర్వాత రంగప్ప కళ్ళలోకి చూసేది. ఒకరోజు చూస్తూనే ఉంది, తల ఊపలేదు.

"నాగమణీ, కాళ్ళు పీకుతాండాయి, ఊపమ్మా తల్లీ!" అని రంగప్ప మొత్తుకున్నాడు. క్లాసంతా నవ్వింది. నాగమణి కూడా నవ్వింది, కానీ తల ఊపలేదు. ఆ రోజు దెబ్బ పడకుండానే బెల్లు కొట్టారు. నేను ఆ క్లాసును నా ఉద్యోగంలోకెల్లా మంచి క్లాసుగా లెక్కపెట్టుకుంటాను.

మాట తడబడితే ఏం చేయాలో కూడా అప్పుడే సాధన చేయించాను. మొదటికి పోకూడదు, తెగినచోటే అతకాలి. వాళ్ళ నాయన మాటే ఆమెకు తిప్పి చెప్పాను.

కళ్యాణమండపంలో

పోటీలు ధర్మవరంలో ఒక కళ్యాణమండపంలో జరిగాయి. పొద్దున్నే వేశారు వీళ్ళ నాటకం. ముందు వరసలో కూర్చున్నాను. రంగస్థలానికి ఒక పక్కన లింగప్ప మేష్టరు హార్మోనియం ముందు. నా వెనక వరసలో ఓబులేసప్ప, ఇస్త్రీ చొక్కాలో. వేదిక మీద నాగమణి, కిరీటం, జరీ చీర, ముఖానికి రంగు. నిలిపేస్తానన్న ఆమె మాట నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇదే చివరి వేషం.

మొదటి పద్యం గట్టెక్కింది. రెండోది పెద్ద పద్యం, రాజును నిలదీసేది. మూడో పాదం మధ్యలో మాట పోయింది. గొంతు ఆగింది.

నేను భుజం మీదే చూపు పెట్టుకుని ఉన్నాను. మేష్టరి ఎడమచెయ్యి తిత్తిని ఊదుతూనే ఉంది, శ్రుతి మోగుతోంది. కుడిచెయ్యి మెట్ల మీద నుంచి పైకి లేచింది. అంత దూరం నుంచి ఆయన కొట్టగలిగిందీ లేదు, కొడదామనుకున్నదీ లేదు. ఏళ్ళ తరబడి లేచిన చెయ్యి దానంతటదే లేచింది. నాగమణి భుజం కదిలింది. అయిపోయిందనుకున్నాను.

భుజం సగంలో ఆగిపోయింది. ఆ పిల్ల తల తిప్పి మేష్టరి కళ్ళలోకి చూసింది. చెయ్యిని కాదు, కళ్ళను. చూస్తూ నిలబడింది. ఊపిరి పీల్చుకుంది. హాలంతా నిశ్శబ్దం. లేచిన చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది, దించడానికీ లేదు, ఎత్తడానికీ లేదు. చివరికి ఆ చెయ్యే మెల్లగా దిగి వచ్చి మెట్ల మీద కూర్చుని, ఆమెకు కావలసిన స్వరం ఇచ్చింది. నాగమణి రాజు వైపు తిరిగి, పద్యాన్ని తెగినచోటే అందుకుంది.

జనం ఆ నిశ్శబ్దాన్ని రాణి కోపం అనుకున్నారు. చప్పట్లు మోగాయి. అలవాటు కొద్దీ, ముందు ఎవరు మొదలుపెట్టారా అని వెనక్కి తిరిగి చూశాను. ఓబులేసప్ప.

నాటకం అయ్యాక మేష్టరు కళ్ళజోడు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, "ఆడ నిలిపేది మేమే ముందుగాల అనుకోని పెట్టినాంలేమ్మా," అన్నాడు. నేను నమ్మలేదు, నేను నమ్మలేదని ఆయనకూ తెలుసు. ఆ తర్వాత ఆయన పిల్లల మీద చెయ్యి చేసుకోవడం మానేశాడని నలుగురూ అంటారు. నేను చూడలేదు కాబట్టి ఆ మాట మీద ఏమీ చెప్పను.

వెనక గదిలో నాగమణి కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటోంది. పక్కన నిలబడి అడిగాను. నా గుణం తెలుసు కదా, అడక్కుండా ఉండలేను.

"నిజం చెప్పు. ఆ చూపు నటనేనా?"

"కాదు మేడం. చానా భయమైంది. భుజం గూడా లేచింది, మీరు చూసే ఉంటారు."

"మరి ఎట్లా నిలబడ్డావు?"

సగం ముఖం రాణిది, సగం తనది. అద్దంలోంచే నా వైపు చూసింది.

"నేను తల ఊపలేదు గదా మేడం."